నల్లకోటు తొడిగిన మొక్క

కోర్టు గేటుకు ఎదురుగా, జిరాక్సు దుకాణానికీ టీకొట్టుకీ నడుమ ఇరుక్కున్న ఎనిమిదడుగుల గదిలో ఆమె పదిహేడేళ్ళుగా లాయర్లకు నల్లకోట్లు కుడుతోంది. అందుకే అందరూ ఆమెను కోట్లక్క అంటారు. ఆ పేరు కొత్తగా విన్నవాళ్ళు కోట్లకు పడగలెత్తిన మనిషెవరో అనుకుని గదిలోకి తొంగిచూస్తారు. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, అంచు పగిలిన నిలువుటద్దం కనిపిస్తాయి. వాళ్ళు నవ్వుతారు, ఆమె కూడా నవ్వేస్తుంది. ఆ కోర్టులో న్యాయం కోసం లేచి నిలబడే ప్రతి భుజమూ ఒకసారి ఆమె టేపు కిందకి వచ్చినదే. ఎవరి ఎడమ భుజం జారి ఉంటుందో, దాన్ని సరిచేయడానికి లోపల ఎంత దూది పెట్టాలో ఆమెకు తెలుసు. కోటు బిగుతైతే పరుగున రోడ్డు దాటి వచ్చే ఆ పెద్దమనుషుల్లో, బాగా కుదిరిందని చెప్పడానికి ఈ పదిహేడేళ్ళలో ఒక్కరూ దాటి రాలేదు.

బయటివాళ్ళ సంగతి ఆమె పట్టించుకునేది కాదు. ఇంటి సంగతే ఆమెకు మింగుడుపడేది కాదు.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు. అన్నదమ్ములు చెరొక వాటాలో ఉంటారు. అన్న, అంటే కోట్లక్క భర్త, దూరప్రాంతాల బస్సు నడుపుతాడు కాబట్టి వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. తమ్ముడు ఉంటాడు గానీ ఉన్నట్టుండడు. రెండు వాటాల వెనక తలుపులూ ఒకే పెరట్లోకి తెరుచుకుంటాయి. ఆ తలుపుల మధ్య రాతిపలక మీద అత్తగారు ఉదయం నుంచి చీకటిపడేదాకా కూర్చుని, చెట్లకూ కోడళ్ళకూ తీర్పులు చెబుతూ ఉంటుంది. పెరట్లో రెండు బొప్పాయిలు, నిమ్మ, అరటి గుబురు, గోడ పొడుగునా మందారాలు, క్రోటన్లు. ఏడాది పొడుగునా చెమటపట్టే ఊరు అది. అక్కడ ఆకు రాలితే ఆశ్చర్యం.

చిన్నకోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని పేరు. ఇద్దరిదీ సూది పనే. కానీ ఒకరి సూదికి హస్తవాసి ఉందన్నారు, రెండోవారి సూదికి అలవాటు ఉందన్నారు.

"దాని హస్తవాసి అలాంటిది. ఎండుపుల్ల గుచ్చినా పూస్తుంది," అని అత్తగారు ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పేది.

ఇక్కడ వాస్తవాలు చెప్పడం అవసరం. తెల్లవారి అయిదున్నరకు లేచి, బోరింగు కొట్టి, ఆరు బకెట్ల నీళ్ళు పెరడంతా తిప్పిపోసేది కోట్లక్క. మందారాలకు పిండినల్లి పడితే ఒక్కొక్క కొమ్మా పాత బ్రష్షుతో తోమేది కోట్లక్క. చిన్నకోడలు ఆదివారం సాయంత్రం వచ్చి ఒక కొమ్మ గుచ్చి వెళ్ళేది. నెల తిరక్కుండా అది చిగురించేది. ఆ నెల రోజులూ దానికి నీళ్ళు పోసిందెవరు? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వేయలేదు. వేయని ప్రశ్నకు జవాబిచ్చే అవకాశం కోట్లక్కకు రాలేదు.

పొగడ్త పోతే పోనీ అని ఆమె ఎప్పుడో వదిలేసుకుంది. వదులుకోలేనిది కూతురు.

పదహారేళ్ళ ఆ పిల్లకు గుడ్డ ముక్కలంటే గిట్టదు, మొక్కలంటే ప్రాణం. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాల సంచీ తల్లి వాటాలో విసిరేసి, తిన్నగా పిన్ని వాటాలోకి వెళ్ళేది. మూడేళ్ళ కిందట వాళ్ళిద్దరూ ఒక బటర్‌ఫ్రూట్ గింజకు మూడు వైపులా పుల్లలు గుచ్చి, గాజుగ్లాసు నీళ్ళ మీద నిలబెట్టి, వంటగది కిటికీలో పెట్టారు. నలభై రోజులు ఏమీ కాలేదు. నలభై ఒకటో రోజు గింజ పగిలి తెల్లటి వేరు దిగింది. ఆనాటి కేక వీధి చివరిదాకా వినపడింది. కోట్లక్క చేతిలో పని వదిలేసి, ఏమైందోనని పరుగెత్తింది. గుమ్మంలోంచి చూస్తే పిన్నీ కూతురూ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. ఆమెను ఎవరూ చూడలేదు. వచ్చినదారినే వెళ్ళిపోయింది.

తర్వాత పెరట్లో నాటిన ఆ మొక్క ఇప్పుడు ఆ పిల్ల భుజమంత ఎత్తుంది. ఆ పిల్ల దాన్ని రోజూ పిన్నితో కలిసి కొలిచేది. ఇంట్లో టేపు ఉన్న మనిషి ఎవరో ఇద్దరికీ గుర్తుకు రాలేదు. స్కూలు స్కేలుతో కొలిచేవారు.

ఆ శీతాకాలం ఎవరూ ఎరగనిది. మొదటి వారం అందరూ సరదాపడ్డారు. రెండోవారం పెదాలు పగిలాయి. మూడోవారంలో ఒక ఉదయం కోట్లక్క బోరింగు దగ్గరికి వెళ్ళేసరికి బకెట్లో నీళ్ళ మీద అద్దం కట్టి ఉంది. వేలితో నొక్కితే పటుక్కున విరిగింది. గట్టు మీద గడ్డి అంతా తెల్లటి పొడి. గుడ్డ మీద గీతలు గీసే తన సుద్దపొడి ఎలుకలు తెచ్చి పోశాయేమోనని ఆమె నిజంగానే అనుకుంది.

"ఉప్పు ఒలకబోసిందెవరే?" అని రాతిపలక మీంచి అత్తగారు కేకేసింది.

"ఉప్పు కాదు నాన్నమ్మా, మంచు!" అని కూతురు గంతులేసింది. మరుక్షణంలోనే ముఖం మాడింది. క్రోటన్ల చివరి ఆకులు ఉడికించినట్టు వాలిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రం నుంచి పెరట్లో హడావిడి మొదలైంది. పొద్దువాలగానే పిన్నీ కూతురూ దుప్పట్లు, గోనెసంచులు, అట్టపెట్టెలు మోసుకొచ్చి మొక్కలకు కప్పేవారు, ఎండ రాగానే తీసేవారు. మొక్కకు నిద్రబట్టలు తొడగడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. గోడ మీంచి వంగి నవ్వినవాళ్ళే మర్నాడు పాతబట్టలు వెతుక్కున్నారు.

"అమ్మా, దుకాణంలో ఎవరూ తీసుకెళ్ళని కోట్లున్నాయిగా, రెండివ్వవూ?" అని కూతురు అడిగింది.

"అవి కోర్టులో వాదించే కోట్లు, పెరట్లో పడుకునేవి కావు."

"ఎవరూ రారుగా వాటికోసం! ఒకాయన చచ్చిపోయి కూడా ఏడాదైందన్నావు."

"చచ్చిపోయినా ఆయన కోటు ఆయనదే. మీ పిన్ని దగ్గర దుప్పట్లు లేవా?"

కూతురు గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఒంటి మీద అప్పుడు ఒక నల్లటి పొట్టికోటు ఉంది. దుకాణంలో మిగిలిన ముక్కలన్నీ పోగుచేసి, ఎక్కడ అతికిందో తెలియనంత నేర్పుగా, ఏడు గుండీలతో, మెరూన్ లైనింగుతో కోట్లక్క కుట్టింది అది. తన చేతిపనిలో కూతురు ఇష్టంగా వేసుకున్నది అదొక్కటే. ఈ చలి పుణ్యమా అని కూతురు ఇరవై రోజులుగా దాన్ని విప్పలేదు. ఊరంతా చలిని తిట్టుకుంటుంటే ఆమె మాత్రం తిట్టలేదు.

మర్నాడు దుకాణం మూసి, సంజవెలుగులో పెరటి తలుపు తీసిందో లేదో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గోనెపట్టాలు కప్పుకున్న మందారాల పక్కన బటర్‌ఫ్రూట్ మొక్క మనిషిలా నిలబడి ఉంది. దాని ఒంటి మీద నల్లకోటు. నాలుగు కర్రలు పాతి, వాటికి తొడిగి, ఏడు గుండీలూ పెట్టారు. కాలరు కూడా సర్దారు. ఇక కూతురు? పిన్ని వాటాలో దీపం కింద కూర్చుని చదువుకుంటోంది. వేసుకున్నది పిన్ని నీలం స్వెట్టరు. చేతులు పొడుగై వేళ్ళు కప్పేశాయి. అంత కొలతలేని బట్టలో ఆ పిల్ల హాయిగా ఒదిగిపోయి ఉంది.

నా కోటు దాని మొక్కకి, దాని స్వెట్టరు నా కూతురికి. కోట్లక్క మనసులో ఈ వాక్యం ఇంత స్పష్టంగా కుదిరింది. లోపల ఏదో భగ్గుమంది. ఒళ్ళు గడ్డకట్టే ఆ సాయంత్రం ఆ పెరట్లో వెచ్చగా ఉన్న ప్రాణి ఆమె ఒక్కతే.

చుట్టూ చూసింది. అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఒక్కొక్క గుండీ తీసింది. పైనుంచి కిందికి, ఏడూ. ట్రయలుకు వచ్చిన లాయరుకు కచ్చాకుట్టు కోటు విప్పినట్టు, ఒక్క ఆకుకూ తగలకుండా విప్పి, మడిచి, దుకాణం సంచీలో అడుగున పెట్టింది. కోటు ఆమె కుట్టినది, గుడ్డ ఆమెది, కాబట్టి తన వస్తువు తాను తీసుకుంది. తన పక్షాన ఇన్ని వాదనలు ఉన్న మనిషి దొంగలా పిల్లి అడుగులు వేయనక్కర్లేదు. ఆమె పిల్లి అడుగులే వేసింది.

తెల్లవారేసరికి బటర్‌ఫ్రూట్ మొక్క నల్లబడి ఉంది. వేడినీళ్ళు పోసినట్టు ఆకులన్నీ కిందికి వేలాడుతున్నాయి. కూతురు దాని ముందు కూలబడి, ఒక్కొక్క ఆకునూ ఎత్తి చూస్తోంది.

"కోటు ఏదీ? నేను గుండీలు కూడా పెట్టాను పిన్నీ, నువ్వు చూశావుగా!"

"దొంగెవడో పట్టుకుపోయాడే," అంది అత్తగారు. "చలికి ఆగలేకపోయాడు పాపం. గోడ దూకి మొక్క బట్టలు విప్పుకుపోయే రోజులొచ్చాయి!"

చిన్నకోడలు వంగి కర్రల్ని చూసింది. ఒక్కటీ పక్కకు ఒరగలేదు. ఒక్క రెమ్మా విరగలేదు. ఆమె తలెత్తకుండానే నెమ్మదిగా అంది.

"చాలా ఓపిక ఉన్న దొంగ. ఏడు గుండీలూ తీసి, కాలరు పట్టుకుని, మొక్కకి తగలకుండా ఎత్తాడు. కోటు విప్పడం బాగా తెలిసిన చెయ్యి."

కోట్లక్క బకెట్ ఎత్తుకుని మందారాల వైపు నడిచింది.

తోడికోడలు లేచి, కూతురి తల నిమిరింది. "పోనీలే. ఎవరికో అంత అవసరం పడింది. ఇది ఇంక బతకదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మొదలంటా కోసేద్దాం. కుళ్ళు పక్కవాటికి పాకుతుంది. వీధిలో అందరూ కోసేస్తున్నారు."

నిజంగానే వీధంతా కత్తెరల చప్పుడు. ఆ ఊరివాళ్ళకు ఎండలో మాడిన చెట్టు తెలుసు, నీళ్ళు లేక ఎండిన చెట్టు తెలుసు. చలికి నల్లబడిన చెట్టు తెలియదు. నల్లబడింది కాబట్టి చచ్చిందనుకుని ప్రతి ఇంట్లోనూ మొదళ్ళు మాత్రం మిగిల్చి నరికేస్తున్నారు.

దుకాణానికి నడిచి వెళ్తున్నంతసేపూ కోట్లక్క తోడికోడలి గురించి ఒకే మాట నమిలింది. ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. నిలదీసి ఉంటే పోట్లాడేది, గొంతు పెంచేది, ఆ వాదనలన్నీ బయటపెట్టేది. తోడికోడలు ఆ అవకాశమూ ఇవ్వలేదు. దొంగకు కూడా మర్యాద చేసి పంపించింది. మంచితనంలో కూడా తనదే పైచేయి కావాలి! కడుపుమంట చల్లారలేదు సరికదా, ఇప్పుడు దానికి పొగ కూడా తోడైంది.

పదకొండింటికి ఒక జూనియర్ లాయరు ఆయాసపడుతూ వచ్చాడు. కోర్టు వరండాలో బొగ్గుల కుంపటి పెట్టారట. అందరూ దాని చుట్టూ నిలబడితే ఇతని కోటు వెనకభాగం కమిలిపోయింది.

"అక్కా, ఈ ముక్క కోసేసి కొత్తది వెయ్యండి. రెండింటికి నా కేసుంది."

"నీ కేసు రెండింటికైతే నా కత్తెర అప్పుడే పరుగెత్తాలా? ఆగు బాబూ. కాలినచోట ముందు కత్తెర వెయ్యకూడదు. గోరు వెయ్యాలి."

ఆమె కమిలిన చోటు మీద తడిబ్రష్షు రుద్ది, గోటితో గీకింది. పైనూగు పొడిగా రాలిపోయింది. కింద పడుగూ పేకా గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇది ఆమె పదిహేడేళ్ళుగా చేస్తున్న పని. కాలిన వాసన ముక్కుకు తగిలినా, పైకి బూడిదలా కనపడినా, దారం ఉందో లేదో చూసేదాకా నమ్మదు. బ్రష్షు పట్టుకున్న ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

"ఏం కాలేదు. తీసుకో, వేసుకో. జడ్జిగారు నీ వీపు చూడరులే."

దుకాణం మూసి మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళింది. మొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కొనకు జానెడు కిందుగా గోటితో గీకింది. గోధుమరంగు. ఇంకాస్త కింద గీకింది. గోధుమరంగే. నేలకు మూరెడు ఎత్తున మళ్ళీ గీకింది. గోటి కింద పచ్చగా, తడిగా తగిలింది.

తోడికోడలూ కూతురూ వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. తోడికోడలి చేతిలో పెద్ద కత్తెర.

"కత్తెర వెయ్యకు," అంది కోట్లక్క. "కింద ప్రాణం ఉంది. చూడు. ఆ ఎండిన ఆకులు దాని మీదే ఉండనీ. చలి ఇంకా పోలేదు, అవే దానికి కప్పు. చలి పోయాక ఎక్కడిదాకా చచ్చిందో చూసి అక్కడ కొయ్యొచ్చు."

"అక్కా, పచ్చగా ఉన్నంత మాత్రాన..." అని తోడికోడలు సందేహించింది. "మీకు కోట్ల సంగతి తెలుసు గానీ..."

కూతురు మధ్యలో అందుకుంది. "నీకేం తెలుసమ్మా? నీకసలు ఈ మొక్కంటేనే పడదు. మూడేళ్ళలో ఒక్కరోజు దీని పక్కకొచ్చావా? పిన్నీ, నువ్వు కొయ్యి."

రోజూ దాని పాదులో పోసిన నీళ్ళు కోట్లక్క నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్పలేదు. చెప్పినా లాభం లేదని తెలుసు. పిన్ని మాట నెగ్గుతుంది, కత్తెర పడుతుంది, పచ్చగా ఉన్నది పచ్చగానే చస్తుంది. ఈ పిల్ల జీవితమంతా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

"కోటు నేనే తీశాను."

రాతిపలక మీద అత్తగారి చేతిలో జపమాలలా తిరుగుతున్న తాళాలగుత్తి ఆగింది.

"నిన్న సాయంత్రం. దొంగ లేడు, దొర లేడు. నేనే."

"ఎందుకే పెద్దదానా?" అంది అత్తగారు, మొదటిసారిగా తీర్పు చెప్పకుండా ప్రశ్న వేసి.

"ఎందుకంటే నా కూతురు దాని స్వెట్టరు వేసుకుని కూర్చుంది అత్తయ్యా. ఓర్వలేకపోయాను." కోట్లక్క కూతురి వైపు తిరిగింది. "చంపాలని తియ్యలేదు. చస్తుందని తెలియదు. కానీ తీసింది నేను. అందుకే చెబుతున్నా. ఇది బతకాల్సిన అవసరం మీ ఇద్దరికంటే నాకే ఎక్కువ. ఈ పెరట్లో ఇంకెవరి మాటైనా అబద్ధం కావచ్చు, ఈ మొక్క విషయంలో నా మాట కాదు."

కూతురు తల్లిని చూడలేదు. నెమ్మదిగా పిన్ని వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

తోడికోడలు కత్తెరను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఓపికున్న దొంగ అన్నావు. తెలిసే అన్నావు కదూ? నాకు చెప్పకుండా మీ ఇద్దరూ కళ్ళతో మాట్లాడుకున్నారన్నమాట!"

"అలా కాదే, ఇంట్లో గొడవ ఎందుకని..."

"నా మొక్క చచ్చిపోతే నీకు గొడవ గుర్తొచ్చిందా?" ఆ పిల్ల నీలం స్వెట్టరు తల మీంచి లాగేసి, పిన్ని చేతిలో పెట్టి, తల్లి వాటాలోకి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినపడింది.

నిజం దాచడం ఈ కథలో ఇంక కుదరదు. ఆ క్షణాన కోట్లక్కకు సిగ్గు కలిగింది, భయం కలిగింది, వాటితోపాటు గోరంత సంతోషం కూడా కలిగింది. కూతురు తనతో మాట్లాడదు, అయితే దానితోనూ మాట్లాడదు. ఆ సంతోషాన్ని తోడికోడలు కూడా చూసింది.

"బాగుందా అక్కా ఇప్పుడు?"

"బాగాలేదు. కానీ నువ్వొక్కదానివే బాగుండటం కంటే నయం."

తోడికోడలు ముక్కులోంచి నవ్వింది. "మీరు భలే మనుషులండీ. ఒప్పుకోవడంలో కూడా పుల్లవిరుపే." కత్తెర గోడవార పడేసింది. "పట్టండి ఆ దుప్పటి. పొద్దువాలుతోంది."

చలి మరో తొమ్మిది రోజులుంది. రోజూ సాయంత్రం తోడికోడళ్ళిద్దరే పెరటికి బట్టలు తొడిగారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. "గట్టిగా లాగకు", "మీ వైపు జారింది", అంతే. అయిదోరోజు తెల్లవారుజామున మళ్ళీ మంచు పొడి పడింది. వీధిలో నరికిన మొదళ్ళన్నీ ఆ దెబ్బకు మెత్తబడి కుళ్ళిపోయాయి. వేలాడే నల్లటి ఆకుల్ని గొడుగులా వేసుకున్న బటర్‌ఫ్రూట్ మొక్క కింద మూరెడు పచ్చగానే ఉంది. అత్తగారు వచ్చినవాళ్ళకు చూపించి, "మా పెద్దదాని గోరు," అంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. వినేసరికి కోట్లక్కకు అంత రుచిగా లేదు, ఎందుకంటే తలుపేసుకున్న పిల్ల ఇంకా మాట్లాడలేదు.

పదకొండో రోజున మాట్లాడింది. పిన్నితో మాట్లాడింది. కోట్లక్క గోడ అవతలి నుంచి విని, రోజులు లెక్కపెట్టింది. తనతో మాట్లాడింది పదమూడో రోజున. రెండురోజుల తేడా.

ఎండలు తిరిగొచ్చాక ఒక సాయంత్రం, గోరు చెప్పిన చోట కోట్లక్క తన కత్తెరతోనే ఎండిన కొమ్మ కోసింది. కణుపు పక్కన బియ్యపు గింజంత చిగురు పొడుచుకొస్తోంది. కూతురు పక్కన గొంతుకూర్చుని చూస్తోంది.

"అమ్మా, ఒకటడగనా? పిన్ని మీద నీకింకా కుళ్ళేనా?"

"ఊఁ."

"తగ్గలేదా?"

"అప్పట్లో బారెడుండేది. ఇప్పుడు మూరెడుంది."

కూతురు నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. లేచి పావడా దులుపుకుంది. "జానెడయ్యాక చెప్పు," అంది. చిగురు చూడటానికి రమ్మని కేకేస్తూ, పిన్ని వాటా వైపు పరుగెత్తింది.

కోట్లక్క కత్తెర ఒళ్ళో పెట్టుకుని, పరుగెత్తే ఆ పాదాల్నే చూస్తూ కూర్చుంది. ఆ మూరెడులో ఆ సాయంత్రం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.